గోడ మీది థర్మోస్టాట్ మార్చాక గడిచిన చలికాలం

మా హాలు గోడకు ఇంతకు ముందు ఒక గుండ్రటి పాత థర్మోస్టాట్, అంటే ఇల్లు ఎంత వెచ్చగా ఉండాలో బాయిలర్‌కు చెప్పే మీట, ఉండేది. దాని ముల్లు పగలూ రాత్రీ 22 డిగ్రీల మీదే నిలబడి ఉండేది. పడుకునే ముందు నాలుగు డిగ్రీలు తగ్గిస్తే గ్యాసు ఆదా అవుతుందని మావారికీ తెలుసు, నాకూ తెలుసు. చలి మొదలవగానే ప్రతి ఏడూ గట్టిగా అనుకునేవాళ్లం. వారం రోజులు శ్రద్ధగా తిప్పేవాళ్లం. ఆ తర్వాత ఒక రాత్రి నిద్ర ముంచుకొచ్చి మరచిపోయేవాళ్లం, మరుసటి రాత్రి కూడా అంతే. ఇక ఎండలు ముదిరేదాకా ముల్లు 22 మీదే ఉండిపోయేది. నాది పద్దులు రాసే వృత్తి. ఇతరుల లెక్కల్లో చిన్న తేడా వచ్చినా ఊరుకోను. నా ఇంటి మీటరు మాత్రం అలా తిరుగుతూ ఉంటే ప్రాణం ఉసూరుమనేది.

అందుకే గత అక్టోబరులో ఏడు రోజుల ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్, అంటే ఏ వేళకు ఎంత వేడి కావాలో ముందే పెట్టుకోగల రకం, ఒకటి తెచ్చి బిగించుకున్నాం. ఇంటర్నెట్ అక్కర్లేని రకం, రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. మాది గ్యాసుతో నీళ్లు కాచే బాయిలర్, ఆ వేడినీళ్లు తిరిగే రేడియేటర్ గదికొకటి, ఇల్లంతటికీ ఒకే థర్మోస్టాట్. మార్చి చివరిదాకా వాడి, నెలనెలా మీటరు రీడింగులు రాసుకుని ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఈ రకం పరికరాలు చాలా కంపెనీలు చేస్తున్నాయి, నేను చెప్పేవి దాదాపు అన్నింటికీ వర్తిస్తాయి కాబట్టి పేరు రాయడం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొనదగ్గ వస్తువే. అయితే గోడకు బిగించి వదిలేస్తే పాతదానికీ దీనికీ తేడా ఏమీ ఉండదు. ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరికి చలి ఎక్కువో ఆలోచించి వేళలు నింపితేనే మీటరు నెమ్మదిస్తుంది. మాకు ఆ వేళలు కుదరడానికి రెండు నెలలు పట్టింది.

పని తీరు తేలికే. రోజుకు నాలుగు వేళలు పెట్టుకోవచ్చు: లేచే వేళ, బయటికి వెళ్లే వేళ, తిరిగొచ్చే వేళ, పడుకునే వేళ. ఒక్కొక్క వేళకు ఒక ఉష్ణోగ్రత. వారంలో ప్రతి రోజుకూ విడిగా పెట్టుకునే వీలుంది. మా అమ్మ పగలంతా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి బయటికి వెళ్లే వేళ మాకు పనికిరాలేదు. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా 20.5, ఆ తర్వాత ఉదయం దాకా 17.5. అంతే మా పట్టిక. చూడటానికి రెండే అంకెలు. ఆ రెండు అంకెల దగ్గరికి ఎలా వచ్చామన్నదే అసలు సంగతి.

మొదట మా మరిది అడ్డుపడ్డాడు. "రాత్రంతా చల్లారనిచ్చి తెల్లవారుజామున మళ్లీ వేడెక్కించాలంటే బాయిలర్ రెట్టింపు మండుతుంది కదా వదినా, అంతకన్నా ఒకే తీరుగా ఉంచితేనే నయం" అన్నాడు. చాలామంది ఇదే మాట నమ్ముతారు. నేను అతనికి అడుగున చిల్లు పడిన కుండను గుర్తు చేశాను. కుండ నిండుగా ఉంటే నీరు జోరుగా కారుతుంది, సగమే ఉంటే నెమ్మదిగా కారుతుంది. రాత్రంతా నింపుతూ కూర్చుంటే రాత్రంతా జోరుగా కారుతూనే ఉంటుంది. సగానికి దిగనిచ్చి పొద్దున నింపితే, ఆ నింపే నీళ్లు కలుపుకున్నా మొత్తం తక్కువే పడుతుంది. ఇల్లూ అంతే. లోపలికీ బయటికీ తేడా ఎంత ఎక్కువ ఉంటే గోడల నుంచీ కిటికీల నుంచీ వేడి అంత త్వరగా జారిపోతుంది. రోజుకు ఎనిమిది గంటల పాటు 7 నుంచి 10 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే మన సెల్సియస్ కొలతలో సుమారు నాలుగు నుంచి అయిదున్నర, తగ్గించి ఉంచితే ఏడాదిలో ఇంటిని వెచ్చగా, చల్లగా ఉంచడానికయ్యే ఖర్చులో 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. మేము తగ్గించింది రాత్రిపూట మూడు డిగ్రీలే, కానీ పగటి అంకెను కూడా 22 నుంచి దించాం.

మరిది మాటలో నిజం ఉన్న ఇళ్లూ ఉన్నాయి. హీట్ పంపు, అంటే బయటి వేడిని లోపలికి లాగే విద్యుత్ యంత్రం, ఉన్నవాళ్లు రాత్రి బాగా తగ్గించి పొద్దున ఒక్కసారిగా పెంచితే, పంపు అందుకోలేక దానికి తోడుగా ఉండే విద్యుత్తు కాయిల్ వెలుగుతుంది. రాత్రంతా మిగిలింది ఆ కాసేపట్లో పోతుంది. అలాంటి ఇంట్లో ఒకటి రెండు డిగ్రీలకు మించి దించకపోవడం మేలు, థర్మోస్టాట్ కూడా హీట్ పంపు కోసం చేసినదే కొనాలి. అతనిది హీట్ పంపు ఇల్లు. అతని అనుభవం అతనికి సరైనదే.

బిగించడం గంట పని. బాయిలర్ స్విచ్ ఆపాం, ఏ తీగ ఏ మరకు ఉందో ఫోనుతో ఫొటో తీసుకున్నాం, పాతది విప్పి కొత్తదాని పలక గోడకు బిగించాం. పాత గుండ్రటి వాటిలో చాలావాటికి లోపల చిన్న గాజు గొట్టంలో పాదరసం ఉంటుంది. మాదాంట్లోనూ ఉంది. దాన్ని చెత్తలో వేయకూడదు, గాజు పగలకుండా డబ్బాలో పెట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. తీగల్లో ఇంటి పెద్ద కరెంటు వచ్చే రకం హీటర్లు ఉన్నవాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే, సొంతంగా చేయి పెట్టకూడదు.

ఇక మూడు వారాల కష్టం గురించి.

కొత్తది పెట్టిన నాలుగో రోజు నుంచి ఇల్లు మరీ వెచ్చగా అనిపించసాగింది. తెరమీద 19 అని కనిపిస్తుంది, బాయిలర్ మాత్రం ఆగదు. మావారు స్వెట్టరు విప్పేసి కూర్చున్నారు. హాల్లో బల్ల మీద ఉన్న థర్మామీటరు చూస్తే 21.5. కొత్త పరికరం రెండున్నర డిగ్రీలు తక్కువ చూపిస్తోందన్నమాట. కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. నలభై నిమిషాలు లైన్లో ఉంచి, లోపలి సెన్సార్ పాడైంది, విప్పి తిరిగి పంపండి అన్నారు. ఇంకే ప్రశ్నా అడగలేదు. నాకు ఆ సమాధానం రుచించలేదు, ఎందుకంటే తేడా అన్ని రోజులూ ఒకేలా లేదు. గాలి లేని రోజు ఒక డిగ్రీయే. ఈదురుగాలి వీచిన రాత్రి మూడు డిగ్రీల దాకా పోయింది. పాడైన సెన్సార్‌కు బయట గాలి వీస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

అలాంటి ఒక గాలి రాత్రి దాని అంచు పక్కన వేలు పెట్టి చూశాను. దారపు పోగంత సన్నగా, మంచులా చల్లగా గాలి తగిలింది. ముందు మూత తీశాను. గోడలోంచి తీగలు బయటికి వచ్చే చోట బొటనవేలు పట్టేంత కన్నం. పాత థర్మోస్టాట్ వెడల్పుగా ఉండి దాన్ని కప్పేసింది. కొత్తది పలచన, పైగా దాని సెన్సార్ సరిగ్గా ఆ కన్నానికి ఎదురుగా కూర్చుంది. గోడ లోపలి గుల్లలోంచి వచ్చే చలిగాలి తగిలి, ఇల్లంతా చల్లగా ఉందనుకుని బాయిలర్‌ను మండిస్తూనే ఉంది. కన్నాన్ని లప్పంతో పూడ్చాను. తీగలు కదలకుండా చుట్టూ నొక్కి, మర్నాటిదాకా ఆరనిచ్చి మూత పెట్టాను. అప్పటి నుంచి బల్ల మీది థర్మామీటరుకూ దానికీ మధ్య అర డిగ్రీకి మించి తేడా రాలేదు. పది నిమిషాల పని తెలియక మూడు వారాల గ్యాసు పోయింది. పరికరంతో వచ్చిన పుస్తకంలో ఈ ముక్క ఉందా అని వెతికితే, చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంది. అది మొదటి పేజీలో ఉండాల్సింది.

కొనేవాళ్లకు నా మనవి: బిగించిన రోజే పక్కన మరో థర్మామీటరు ఒక రాత్రి వేలాడదీసి రెండూ పోల్చుకోండి. ఎండ పడే గోడ, తలుపు పక్క గోడ, దీపం లేదా టీవీ పక్క చోటు పనికిరావు. నిలబడ్డ మనిషి భుజం ఎత్తున, లోపలి గోడకు ఉండాలి.

అంకెలు సరిగ్గా చూపించడం మొదలయ్యాక నాకు ఆశ పెరిగింది. నవంబరులో రాత్రి వేళను 16కు దించాను. మాకు బొంత కప్పుకుంటే హాయిగానే ఉండేది. రెండు వారాలయ్యాక ఒక తెల్లవారుజామున నీళ్ల కోసం లేచి అమ్మ గదిలోకి తొంగి చూశాను. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మేజోళ్లు తొడుక్కుని, శాలువా మీద శాలువా కప్పుకుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ఉంది. పట్టుకుంటే వేళ్లు కొయ్యబారి ఉన్నాయి.

"చలేస్తోందని చెప్పవచ్చు కదమ్మా?" అన్నాను.

"నువ్వేదో లెక్క కోసం చేస్తున్నావు కదా తల్లీ. నా మూలాన అది చెడకూడదని ఊరుకున్నాను."

ఆ రోజే అమ్మ గదిలో థర్మామీటరు పెట్టాను. ఆమెది రెండు వైపులా బయటి గోడలున్న మూల గది. హాల్లో 16 ఉన్నప్పుడు అక్కడ పద్నాలుగున్నరే ఉంది. ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని, వృద్ధులూ పసిపిల్లలూ రోగులూ ఉంటే అంతకన్నా ఎక్కువ అవసరం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. వయసు మళ్లాక శరీరం చలిని త్వరగా గుర్తించలేదు, గుర్తించేసరికే ఒళ్లు చల్లబడి ఉంటుంది. డెబ్బై ఆరేళ్ల మనిషిని అలా పడుకోబెట్టి నేను మిగిల్చింది ఏ పద్దు కింద రాయాలి? పరికరం తన పని తాను చేసింది. హాల్లో ఉన్న థర్మోస్టాట్‌కు హాలు మాత్రమే తెలుసు. మూల గది సంగతి చూడాల్సింది నేను.

రాత్రి అంకెను 17.5కు పెంచాం. అమ్మ గదిలో నూనె నింపిన విద్యుత్ రేడియేటర్ ఒకటి పెట్టాం. దానికి సొంత థర్మోస్టాట్ ఉంది, 20 దగ్గర ఆగుతుంది. దాన్ని గోడ సాకెట్‌కే నేరుగా తగిలించాలి, పొడిగింపు తీగకు తగిలించకూడదు. దుప్పట్లూ తెరలూ దానికి దూరంగా ఉండాలి. ఇల్లంతా 20 దగ్గర ఉంచడం కన్నా ఒక్క గదిని 20 దగ్గర ఉంచడం చాలా చవక. ఆ విడి హీటర్‌కు ఎంత కరెంటు పట్టిందో కూడా లెక్కలో కలిపాను, కింద చెబుతాను.

వేడి తగ్గిస్తే వచ్చే మరో చిక్కు చెమ్మ. గదిలో 20 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే, సుమారు 9 డిగ్రీలకు దిగిన చోటల్లా నీటి చుక్కలు కడతాయి. గది చల్లబడుతున్న కొద్దీ కిటికీ అద్దాలూ మూలలూ ఆ అంకెకు దగ్గరవుతాయి. నవంబరులో మా బీరువా వెనక గోడ మీద నల్లటి బూజు చుక్కలు కనిపించాయి. బీరువాను గోడకు జానెడు ఇవతలికి జరిపాం, బట్టలు ఇంట్లో ఆరేయడం మానేశాం, స్నానాల తర్వాత ఫ్యాను ఇరవై నిమిషాలు తిరగనిచ్చాం. మళ్లీ రాలేదు.

ఇక పరికరం గుణదోషాలు. అన్నింటికన్నా నచ్చింది ముందస్తుగా మొదలుపెట్టే ఏర్పాటు. ఉదయం 6కు 20.5 కావాలని చెబితే, మన ఇల్లు ఎంతసేపట్లో వేడెక్కుతుందో కొన్ని రోజులు గమనించి, అంత ముందుగా బాయిలర్‌ను తానే వెలిగిస్తుంది. గడ్డకట్టే చలి ఉన్న రోజు అయిదు కొట్టకముందే, కాస్త నయంగా ఉన్న రోజు అయిదున్నరకు లోపల టక్కుమని చిన్న చప్పుడు వినిపిస్తుంది. పొద్దున లేచి చల్లటి నేల మీద నడిచి మీట తిప్పే పని పోయింది. తిప్పేవాళ్లు చేసే ఒక తప్పు కూడా పోయింది. త్వరగా వేడెక్కుతుందని 26 దాకా తిప్పుతారు. మా బాయిలర్ లాంటివాటికి వెలగడం, ఆరడం మాత్రమే తెలుసు. 26 పెట్టినా 20కి చేరే వేగం అదే, ఆ తర్వాత ఆగకుండా మండడమే జరుగుతుంది.

నచ్చనిది హోల్డ్ అనే బటన్. పైకి, కిందకి అనే బాణాలకు ఆనుకుని ఉంటుంది. ఒక్కసారి నొక్కితే వేళల పట్టిక మొత్తం ఆగిపోయి, అప్పటికి ఉన్న అంకె అలాగే నిలిచిపోతుంది, ఎవరైనా వచ్చి విడిపించేదాకా. తెర మూలన ఒక చిన్న మాట తప్ప మరే గుర్తూ ఉండదు. డిసెంబరులో ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లవాడు బాణంతో అంకె పెంచి, తెలియక దీన్ని కూడా నొక్కాడు. తొమ్మిది రోజుల పాటు రాత్రీ పగలూ 22 మీద నడిచింది. అమెరికాలో పొదుపు పరికరాలకు గుర్తింపు ముద్ర వేసే ఎనర్జీ స్టార్ పథకం 2009 చివర్లో ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్లకు ఆ ముద్ర ఆపేసింది. లెక్కల్లో కనిపించిన ఆదా ఇళ్లలో కనిపించకపోవడమే కారణం. ఈ బటన్ చూశాక నాకు అందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. దీనికి తాళం వేసే ఏర్పాటు ఉంది, రెండు బటన్లు కలిపి అయిదు క్షణాలు నొక్కితే పడుతుంది. కానీ తాళం పడితే అమ్మకు బాణాలు కూడా పనిచేయవు. అందుకని తాళం వేయలేదు, హోల్డ్ బటన్ మీద చిన్న అట్టముక్క అతికించాను. తెర వెలుగు మంచిదే, అమ్మ కళ్లద్దాలు లేకుండానే అంకెలు చదువుతుంది.

చాలా రోజులు ఇల్లు విడిచి వెళ్లేవాళ్లకు సెలవు సెట్టింగు ఉంది. మేము 13 పెట్టుకున్నాం. ఇంకా కిందకి దించితే గోడల్లోని నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగిలే భయం ఉంది కాబట్టి బాయిలర్‌ను పూర్తిగా ఆపి వెళ్లకూడదు.

ఇప్పుడు లెక్క. కిందటి ఏడు జనవరిలో 310 ఘనమీటర్ల గ్యాసు వాడాం, ఈ జనవరిలో 290. అంతేనా అని మావారు నిరాశపడ్డారు. కానీ ఈ జనవరి కిందటిదానికన్నా చలిగా ఉంది. చలిని కూడా కొలవాలంటే ఒక పద్ధతి ఉంది. ప్రతి రోజూ బయటి సగటు ఉష్ణోగ్రత 18 కన్నా ఎన్ని డిగ్రీలు తక్కువో రాసుకుని నెలంతా కూడితే డిగ్రీ-రోజులు వస్తాయి. కిందటి జనవరిలో 520, ఈ జనవరిలో 545. స్నానాల నీళ్లకు వేసవిలో కూడా నెలకు 30 ఘనమీటర్లు అవుతున్నాయి కాబట్టి రెండింటిలోంచీ అది తీసేశాను. మిగిలిన 280ని 520తో భాగిస్తే డిగ్రీ-రోజుకు 0.538. ఈ ఏడు 260ని 545తో భాగిస్తే 0.477. అంటే 11 శాతం పైగా తగ్గింది. పాత తీరులోనే ఉంటే ఈ చలికి 323 ఘనమీటర్లు అయ్యేది, 33 మిగిలింది. అమ్మ గది హీటర్ ఆ నెలలో 46 యూనిట్ల కరెంటు తీసుకుంది, శక్తి లెక్కన అది నాలుగున్నర ఘనమీటర్ల గ్యాసుకు సమానం. కరెంటు యూనిట్ ధర గ్యాసుకన్నా ఎక్కువ కాబట్టి బిల్లులో దాని బరువు ఇంకా పెద్దదే. ఆ నాలుగున్నర కూడా తీసేస్తే వేడికి వాడిన శక్తిలో ఇంచుమించు పదో వంతు తగ్గినట్టు. అమ్మ వేళ్లు వెచ్చగా ఉంటూ వచ్చిన పదో వంతు ఇది. రాత్రి 16 దగ్గరే ఉంచి ఉంటే ఇంకా ఒకటి రెండు శాతం వచ్చేదేమో, ఆ అంకె నాకు అక్కర్లేదు.

పగలంతా ఎవరూ ఉండని ఇళ్లకు దీనివల్ల మాకన్నా ఎక్కువ మిగులుతుంది, రోజులో రెండుసార్లు దించుకోవచ్చు కాబట్టి. నేల కింద గొట్టాలతో వేడి చేసే ఇళ్లవాళ్లకు అంత సిఫారసు చేయను. అక్కడ నేల చల్లారడానికీ వేడెక్కడానికీ గంటలు గంటలు పడుతుంది, రాత్రి దించిన ఫలితం పొద్దెక్కాక కనిపిస్తుంది.

జనవరి మధ్యలో అమ్మకు పై బాణం చూపించాను. ఒకసారి నొక్కితే అర డిగ్రీ పెరుగుతుంది, తర్వాతి వేళ రాగానే దానంతట అదే మళ్లీ పట్టికలోకి వస్తుంది. "అయితే నేను నొక్కినా నీ లెక్క చెడదా?" అని రెండుసార్లు అడిగింది. చెడదని చెప్పాను. మొదటి రోజుల్లో నొక్కి, నొక్కానని వచ్చి చెప్పేది. ఫిబ్రవరి నుంచి చెప్పడం మానేసింది. సాయంత్రం కుర్చీలోంచి లేచి వెళ్లి, ఒకసారి నొక్కి, అంకె మారిందో లేదో చూసుకుని వచ్చి కూర్చుంటుంది.